ఉప్పు దిగేదాకా

గీదం, బస్తరు స్టేటు
శ్రావణ బహుళ పంచమి, 1943

శ్రీవారికి,

మీ హైమవతి నమస్కరించి రాసే ఉత్తరం. మామయ్యగారు, అత్తయ్యగారు, నేను ఒంట్లో బాగానే ఉన్నాం. వానలకు అత్తయ్యగారి మోకాలి నొప్పి కొంచెం ఎక్కువైంది, అంతే. సైన్యంలో మీరు ఎక్కడున్నదీ రాయకూడదని తెలుసు. అక్కడ కూడా వాన పడుతోందో లేదో ఒక్కటి రాయండి. ఊహించుకోవడానికి అది చాలు.

ఈ కవరులో రెండు ఉత్తరాలు ఉంటాయి. రెండూ నా చేతిరాతే. ఒకటి ఎప్పటిలాగే మామయ్యగారు చెబుతుంటే రాసినది. ఇది నాది. ఏది ముందు చదివినా ఫరవాలేదు గానీ, రెండూ చదివాకే జవాబు రాయండి.

మీరు అడిగినవన్నీ చూశాను. ఫ్యూజు పోయి ఇల్లు చీకటవుతున్నది వాన పడిన సాయంత్రాల్లోనే. ఎండ కాసిన రోజు మనింటికి కరెంటు ఇచ్చే మిల్లు ఇంజను ఆపేదాకా దీపాలు నిలకడగా వెలుగుతాయి. బల్బులన్నీ విప్పి చూడమన్నారు. విప్పాను. బల్బు ఒక్కటీ లేకపోయినా ఫ్యూజు పోయింది. అంటే తప్పు బల్బులది కాదు, తీగలదే. గోడకు ఎవరైనా మేకు కొట్టారేమో కనుక్కోమన్నారు. అత్తయ్యగారిని అడిగితే, "నీ మొగుడే తీగల కోసమని గోడనిండ చెక్కపట్టీలు కొట్టిపోయిండు, ఇంక నేను మేకు కొట్టే జాగ ఏడుందే?" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఈ ఇంట్లో నేను పైకి వినబడేట్టు నవ్వడం అదే మొదటిసారనుకుంటాను.

తరవాత మీరు చెప్పినట్టే ఇంజను ఆగి ఉండగా, బోర్డు నుంచి వెళ్లే తీగల్లో ఒక్కొక్క వైపు విడదీసి చూశాను. వసారా వైపు తీసినా ఫ్యూజు పోయింది. వంటింటి వైపు తీసినా పోయింది. సామాన్ల గది వైపు తీసిన సాయంత్రం కుండపోతగా వాన. దీపాలు ఆరలేదు. పుస్తకం తెచ్చుకుని వసారాలో కూర్చున్నాను గానీ ఒక్క పేజీ కూడా చదవలేదు, బల్బునే చూస్తూ ఉండిపోయాను. మీరు పక్కన ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున సామాన్ల గదిలో తీగల మీది చెక్కపట్టీ మూత విప్పాను. లోపలంతా తడి. బయటికి వెళ్లి పైన పెంకులు చూస్తే ఒక్కటీ పగల్లేదు. తీగలు అతికి మీరు టేపు చుట్టిన చోట చెక్క నల్లబడి ఉంది, దాని చుట్టూ తెల్లగా పొడి కట్టింది. సున్నమేమో అనుకున్నాను. కానీ అది మట్టిగోడ. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను.

ఉప్పు.

ఆ గది మీది అటకలో ఇప్పపువ్వు ఉందని, ఎలుకలు పడతాయని, ఎవరూ ఎక్కొద్దని మామయ్యగారు చెబుతారు కదా. అత్తయ్యగారు బజారుకు వెళ్లినప్పుడు నిచ్చెన వేసుకుని ఎక్కాను. ముందు వరస ఇప్పపువ్వు గంపలే. వాటి వెనక గోడ దాకా ఉప్పు బస్తాలు. వాన గాలికి చెమర్చి, అడుగు బస్తాల నుంచి నీరు ఊరి, సరిగ్గా మీ తీగలు గోడ దిగే చోటికి కారుతోంది.

మీరు వెళ్లాక ఇక్కడ ఉప్పు ఎంత కరువైందో మీకు తెలియదు. అంగడి రోజున జనం చింతపండు, సారపప్పు తలమీద పెట్టుకుని మన దుకాణం అరుగు దగ్గరికి వస్తారు, ఉప్పుకు మార్చుకుందామని. మామయ్యగారు చేతులు రెండూ చూపిస్తారు. "బండ్లు రాలే. యుద్ధం జరుగుతున్నది. నేనేం జెయ్యాలె?" అంటారు. వాళ్లు కాసేపు నిలబడి, తెచ్చింది మళ్లీ తలకెత్తుకుని వెళ్లిపోతారు. ఇన్నాళ్లూ నేను కూడా నమ్మాను.

మన ఇంట్లో గిన్నెలు తోమే పనిమనిషి ముయె మీకు గుర్తుండే ఉంటుంది. పోయిన వారం ఆమె పులుసు గిన్నెలో కాసిని నీళ్లు పోసి, చేత్తో చుట్టూ కడిగి, ఆ నీళ్లు పారబోయకుండా తాగింది. నేను చూశానని తెలిసి సిగ్గుపడింది. "ఉప్పు లేని జావ గొంతు దిగుతలేదమ్మా" అంది. అత్తయ్యగారికి చెబితే, "దానికి అది అలవాటేలే" అన్నారు. అత్తయ్యగారు పడుకునే గది సామాన్ల గది పక్కదే. అటక మీద ఏముందో ఆవిడకూ తెలుసు.

మామయ్యగారితో సగమే చెప్పాను. తలుపు చాటున నిలబడి, సామాన్ల గది గోడ తడిగా ఉంది, అందుకే ఫ్యూజు పోతోంది అన్నాను. "తడైతే ఏంది? సామాన్ల గదిల దీపం లేకుంటే సాయంత్రం తూకం ఎట్ల నడుస్తది?" అన్నారు. మిల్లు మనిషి చేత ఆ తీగ మళ్లీ కలిపించారు. ఫ్యూజులో మీరు పెట్టిన సన్న తీగ తీసేసి, మిల్లులో దొరికిన లావు తీగ తన చేత్తోనే బిగించారు. ఆ సాయంత్రం వాన పడినా దీపాలు ఆరలేదు. ఆయనకు ఎంత సంతోషమో! అప్పటికప్పుడు నన్ను కూర్చోబెట్టి, "దీపాలు మంచిగ వెలుగుతున్నయి, రంది పడకు అని రాయి" అన్నారు. రాశాను. ఆ ఉత్తరం మీకు చేరే ఉంటుంది. అందులో అబద్ధం లేదు. దీపాలు మంచిగానే వెలుగుతున్నాయి. గోడ మీది చెక్కపట్టీ మాత్రం చెయ్యి ఆనించలేనంత వేడెక్కుతోంది. గదిలో మాడిన వాసన. నల్లటి మచ్చ మొదట అరచేతంత ఉండేది, ఇప్పుడు అటక చెక్క దాకా పాకింది. పైన ఎండిన ఇప్పపువ్వు. గోడకు అవతల అత్తయ్యగారి మంచం.

ఫ్యూజు పోవడం జబ్బు కాదని, ఇల్లు కాలకుండా అది ముందు తాను కాలుతుందని పెళ్లయిన కొత్తలో మీరు చెప్పారు. మనం ఎక్కువసేపు మాట్లాడుకున్నది దాని గురించే. ఇంకేం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు కాబట్టి.

ఇక అసలు సంగతి. దీన్ని రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. దారిలో ఎవరైనా విప్పి చదువుతారేమోనని ఆగాను కూడా. చదివితే చదవనివ్వండి.

ఆదివారం ఇంజను ఆగి ఉన్నప్పుడు, ఎవరికీ చెప్పకుండా బోర్డులోంచి ఫ్యూజు పింగాణీ పిడితో సహా ఊడదీశాను. తీసి నా పెట్టెలో దాచాను. సాయంత్రం దీపాలు రాలేదు. మామయ్యగారు బోర్డు తెరిచి చూసి, ఇల్లంతా వెతికించారు. నేను కూడా వెతికినట్టు నటించాను. అంతవరకూ భయపడలేదు. అప్పుడు అత్తయ్యగారు, "తెల్లగ మెరుస్తది కదా, ముయె తీసుంటది, అంగట్ల అమ్ముకోనీకి" అన్నారు. మామయ్యగారు, "రేపటి సంది దాన్ని గడప తొక్కనియ్యకు. దాని ఊరి పెద్దకు గూడ చెప్త" అన్నారు. ముయె గోడవారన నిలబడి ఉంది. నావైపు చూసింది, అంతే.

కాన్వెంటులో సిస్టరు నన్ను లేపి పాఠం చదవమంటే నాకు గొంతు వచ్చేది కాదు. ఆ సాయంత్రం వచ్చింది.

"నేనే తీశాను. నా పెట్టెలో ఉంది" అన్నాను.

"ఏంది?" అన్నారు మామయ్యగారు.

"అటక మీద ఉప్పు దిగేదాకా ఇవ్వను. ఆ నీరు తీగల మీదికి కారుతోంది. ఇల్లు అంటుకుంటుంది."

ఉప్పు అన్న మాటకు ముయె తలెత్తి అటక వైపు చూసింది. మామయ్యగారు ఆమెను చూశారు, తరవాత నన్ను. "కాన్వెంటుల ఇదేనా నేర్పింది? మామకు ఎదురు నిలవడం?" అన్నారు. అత్తయ్యగారు, "నోట్ల నాలుకే లేదనుకున్న. ఇన్నాళ్లు ఏడ దాచినవే?" అన్నారు. నేను పెట్టె తాళంచెవి కొంగున ముడేసుకున్నాను.

ఆయన కొట్టలేదు, పెట్టె తాళం పగలగొట్టలేదు. "కలం తే" అన్నారు. కిరసనాయిలు దీపం ముందు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. నీ పెండ్లాం మాట వినుట లేదు, ఇంటి గుట్టు పనిమనిషి ముందట పెట్టింది, దానికి బుద్ధి చెప్పి ఫ్యూజు ఇప్పియ్యి అని. ఆ ఉత్తరంలో ఒక్క అక్షరం మార్చలేదు. కోపంలో ఆయన అన్న రెండు మాటలు కూడా ఉన్నాయి. చివరికి, "నా కొడుకు దింపమంటే దింపుత. నీ మాట మీద గాదు" అన్నారు. అది మాత్రం రాయించలేదు. నేను ఇక్కడ రాస్తున్నాను.

ముయె మర్నాడు పనికి రాలేదు. ఆ తరవాత కూడా రాలేదు. గిన్నెలు నేనే తోముతున్నాను. అంగడి రోజున మన అరుగు ముందు జనం ఎక్కువసేపు నిలబడ్డారు. ముయె చెప్పే ఉంటుంది. అందరూ మన ఇంటి పెంకుల వైపే చూస్తున్నారు. నా వల్ల మామయ్యగారికి ఏం ముప్పు వస్తుందో అని కూడా భయంగా ఉంది. ఆయన రెండురోజులుగా అన్నం సరిగా తినడం లేదు.

మీ ఉత్తరాలు ఆయనకు చదివి వినిపించేది నేనే. ఉప్పు దింపమని మీరు రాస్తే మీ మాటగా చదువుతాను. వద్దని రాసినా అలాగే చదువుతాను, ఒక్క అక్షరం మార్చను. కానీ ఫ్యూజు మాత్రం నా పెట్టెలో మీ ఉత్తరాల అడుగునే ఉంటుంది. మీరు వచ్చేనాటికి ఇల్లు చీకటిగా ఉంటే, అది ఇంకా నిలబడే ఉందని అర్థం చేసుకోండి.

ఇట్లు,
మీ జవాబు కోసం చూస్తున్న మీ భార్య,
హైమవతి