పదిహేడో నంబరు ఆఫ్రికా

హార్టెన్‌బ్రుక్, మే 6

నగర అతిథి సేవా కార్యాలయం, వ్యాపార ప్రయాణికుల విభాగం వారికి,

నమస్కారం. సూటిగా విషయానికొస్తాను, నాకు మధ్యాహ్నం షిఫ్టు ఉంది.

నేను ఆసుపత్రి లాండ్రీలో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. అక్కడి కార్మిక సంఘం ప్రతినిధిని కూడా. రైలు పట్టాల వెనక, పనివాళ్లకు కౌలుకిచ్చిన తోటల్లో నలభై ఒకటో మడి నాది. మొత్తం అరవై నాలుగు మడులు. ఒక్కో మడికి ఒక చెక్క గుడిసె, ఒక కంచె, పక్కవాడి మీద ఒక ఫిర్యాదు. అదీ మా లోకం. ఇలాంటి తోటల గుంపును మన ఊళ్లో కాలనీ అంటారని మీకూ తెలిసే ఉండాలి, మీరు ఈ ఊరివారే అయితే. మాదాని పేరు కామెరూన్ కాలనీ. 1908లో, మన దేశం ఆఫ్రికాలో కామెరూన్ జనం నేలను లాక్కుని మురిసిపోతున్న రోజుల్లో, ఎవడో సరదాపడి పెట్టిన పేరు. ఆ పేరు మార్చమని పదకొండేళ్లుగా ఏటా తీర్మానం పెడుతున్నాను. ఏటా ఓడిపోతున్నాను. కిందటిసారి మూడు ఓట్లు పడ్డాయి. అందులో ఒకటి చెవులు వినపడని ముసలాయనది. కాఫీ ఎవరికి కావాలని అడుగుతున్నారనుకుని చెయ్యెత్తాడట.

ఇప్పుడు మీరు వేసిన "రెండు సమావేశాల నడుమ రెండు గంటలు" అనే చిన్న పుస్తకం సంగతి. వ్యాపారం మీద వచ్చినవాళ్లు ఖాళీ దొరికితే ఏం చూడాలో చెప్పే పుస్తకం. పదిహేడో నంబరు: "కామెరూన్ కాలనీ. నగరం నడిబొడ్డున అసలైన ఆఫ్రికా. ప్రవేశం ఉచితం." మీలో ఎవరో పటంలో పేరు చూసి, కుర్చీలోంచి లేవకుండానే రాసి పారేశారు!

సోమవారం నుంచి బోల్టుల ప్రదర్శనకు వచ్చినవాళ్లు కోట్లూ టైలతో మా గేటు తోసుకుని వస్తున్నారు.

"ఏమండీ, ఆఫ్రికా ఎటు?"

"ముందు నా నూల్‌కోల్ మీంచి దిగండి. ఆఫ్రికా సంగతి తరవాత చూద్దాం."

ఇది నవ్వులాట కాదు. పేరు మీద కక్షతో నేనే ఈ జనాన్ని రప్పించానని మా అధ్యక్షుడు క్లాప్రోట్ గారు ప్రచారం చేస్తున్నారు. జూన్ 21న సర్వసభ్య సమావేశం. నన్ను కాలనీ నుంచి తీసేసి నా మడి వెనక్కి తీసుకోవాలని తీర్మానం పెట్టారు. మా అమ్మ నాటిన ఆపిల్ చెట్టు ఆ మడిలోనే ఉంది. కాబట్టి రెండే రెండు కోరికలు. ఒకటి, మమ్మల్ని జాబితాలోంచి తీసేయండి. రెండు, మమ్మల్ని అందులో చేర్చమని నేను అడగలేదని ఒక ఉత్తరం ఇవ్వండి.

ఇట్లు,
ఇంకా మర్యాద మిగిలి ఉన్న
రోజ్‌విథా చిర్నర్

తా.క. సింహాలకు తిండి ఎప్పుడు పెడతారని ఒకాయన అడిగాడు. క్లాప్రోట్ గారి గుడిసె చూపించాను. అది మాత్రం నా తప్పే.

---

హార్టెన్‌బ్రుక్, మే 19
సంఖ్య: వ్యా.ప్ర./17/ఆఫ్రి.

గౌరవనీయులైన చిర్నర్ గారికి,

మీ విలువైన అభిప్రాయానికి కృతజ్ఞతలు. పదిహేడో నంబరు ప్రదేశం గురించి మాకు రాసిన తొలి వ్యక్తి మీరే. తక్కిన పదహారింటి గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదు. అందుచేత మిమ్మల్ని మా దస్త్రాల్లో స్థల ప్రతినిధిగా నమోదు చేశామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

మీరు లేవనెత్తిన అంశాలపై తగు చర్య తీసుకున్నాం. సింహాల విషయంలో అతిథులు నిరాశపడకుండా "ప్రస్తుతం జంతువులు లేవు" అనే వాక్యం చేర్చాం. నూల్‌కోల్ మడులున్నాయని తెలిసింది కనుక "స్థానిక పంటలను దగ్గరగా చూసే అవకాశం" అని కూడా చేర్చాం. మీ కాలనీలో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా చప్పుడు చేయరాదన్న నియమం ఉన్నట్టు మేమే విచారించి తెలుసుకున్నాం. సందర్శన వేళలు అందుకు తగ్గట్టు సవరించాం.

భవదీయుడు,
ఎకార్ట్ వీడెబుష్

తా.క. అతిథుల అభిప్రాయాల పుస్తకం ఒకటి జతచేస్తున్నాం. వానకు తడవని చోట వేలాడదీయగలరు.

---

మే 23

వీడెబుష్ గారికి,

మీరు నా ఉత్తరం చదివారా, తూకం వేశారా?

నేను దేనికీ ప్రతినిధిని కాను! లాండ్రీలో నలభై మందికి ప్రతినిధిని, వాళ్లు ఓట్లేసి ఎన్నుకున్నారు. మీ దస్త్రం నన్నెప్పుడు ఎన్నుకుంది?

నిన్న జరిగింది చెప్తాను, వినండి. బోల్టులవాళ్లు పోయారు, పంపులవాళ్లు దిగారు. పదకొండు మంది ఒకేసారి. క్లాప్రోట్ గారు కంచె కత్తిరిస్తున్నారు, నిక్కరూ బొద్దు మీసం ఆయనకు మామూలే. ఒకాయన ఫోటో తీసి "గూడెం పెద్ద ఈయనేనా?" అని నన్నే అడిగాడు. క్లాప్రోట్ గారు కత్తెర కింద పడేశారు.

"చిర్నర్, ఇది నీ పనే!"

"నా పనైతే పేరు మార్పించేదాన్ని కాదా, వీళ్లనెందుకు పిలుస్తాను?"

"పేరుకేం రోగం? నూరేళ్ల పేరు. మా నాన్న ఇక్కడే ఉల్లిపాయలు వేశాడు."

"ఉల్లిపాయలు వేసింది మీ నాన్న. కామెరూన్ వేసింది ఎవరి నాన్న?"

మీకెందుకు చెప్తున్నానంటే, ఈ గొడవలో మీరు ప్రేక్షకులు కారు. దేశాన్ని దోచి, ఆ దేశం పేరు తోటకు పెట్టి, ఇప్పుడా తోటను ఆ దేశమే అని చూపించి మురిసిపోతున్నాం. ఒకటే అబద్ధం మూడు చేతులు మారింది. మూడో చెయ్యి మీది.

ఇక చర్చ వద్దు. ఒకే ఒక్క వాక్యం రాసివ్వండి. మీకు శ్రమ లేకుండా నేనే రాస్తున్నాను, సంతకం పెడితే చాలు: "చిర్నర్ గారు అడగకుండానే కాలనీని జాబితాలో చేర్చాం."

ఇట్లు,
మర్యాద సగం ఖర్చయిన
రోజ్‌విథా చిర్నర్

తా.క. మీ అభిప్రాయాల పుస్తకాన్ని చెత్తబుట్ట మీద పెట్టాను, అక్కడా రాసిపోతున్నారు. మొదటి పేజీ: "ఆఫ్రికా అనుకున్నంత వేడిగా లేదు. జనం మాత్రం కాస్త వేడి మీదున్నారు."

---

జూన్ 6
సంఖ్య: వ్యా.ప్ర./17/ఆఫ్రి./ప్రశంస

గౌరవనీయులైన చిర్నర్ గారికి,

మీరు కోరిన ఉత్తరం ఆలస్యం కాకుండా నేరుగా అధ్యక్షులు క్లాప్రోట్ గారికే పంపించాం. మీ వాక్యాన్ని యథాతథంగా వాడుకుంటే మరీ పొడిగా ఉంటుందని కొద్దిగా విస్తరించాం. నకలు:

"ఎవరూ అడగకుండానే, పైసా ప్రతిఫలం లేకుండా, అతిథులను స్వయంగా ఎదుర్కొంటున్న చిర్నర్ గారి చొరవ వల్లనే పదిహేడో నంబరు ఈ వేసవిలో పాత కోటను దాటి రెండో స్థానానికి చేరింది. ఇటువంటి సభ్యురాలు దొరికినందుకు మీ కాలనీకి అభినందనలు."

జాబితా నుంచి తొలగింపు గురించి: నిబంధన 7 ప్రకారం ఒక ప్రదేశాన్ని తొలగించాలంటే అది కూలిపోయి ఉండాలి, లేదా దాని పేరు మారి ఉండాలి. పేరు మారితే ఫారం మీద స్థల ప్రతినిధి సంతకం తప్పనిసరి. స్థల ప్రతినిధి ఆ స్థలంలో సభ్యత్వం ఉన్నవారై ఉండాలి. ఒకసారి నమోదైన ప్రతినిధిని మూడేళ్ల వరకు మార్చడానికి వీలు లేదు.

భవదీయుడు,
ఎకార్ట్ వీడెబుష్

తా.క. "అసలైన" అనే మాటపై మా న్యాయ విభాగం అభ్యంతరం తెలిపింది. ఇకపై "దాదాపు అసలైన ఆఫ్రికా" అని ఉంటుంది.

---

జూన్ 22

వీడెబుష్ గారికి,

మిమ్మల్ని తిట్టాలో మీకు దణ్ణం పెట్టాలో తేల్చుకోలేక తెల్లవారుజామునే లేచి కూర్చున్నాను.

మీ ప్రశంసాపత్రం క్లాప్రోట్ గారు నోటీసు బోర్డుకు నాలుగు మేకులు కొట్టి మరీ అంటించారు. రెండు వారాలు నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. నీళ్ల గొట్టం అడిగితే "పాత కోటను అడగండి" అన్నారు.

కిందటి మంగళవారం ఒకాయన వచ్చాడు. పేరు ఎకాంబి, పంపులు కొనడానికి డువాలా నుంచి. మీ పుస్తకం చేతిలో పట్టుకుని గేటు బయటే ఆగాడు. ఇన్నాళ్లలో లోపలికి రావచ్చా అని అడిగినవాడు ఆయనొక్కడే.

"అమ్మా, నేను కామెరూన్ వాణ్ణి. మూడు రోజులుగా ఇంటి మీద బెంగగా ఉంది. ఇక్కడే ఉందని రాశారు, నడిచొచ్చాను."

నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కూర్చోబెట్టి బంగాళదుంపల సలాడ్ పెట్టాను. మా మడుల్లో అలంకారానికి పెట్టుకునే మట్టి మరుగుజ్జు బొమ్మలు చూసి "మీ పూర్వీకులా?" అన్నాడు, నవ్వు బిగబట్టి. అంతలో క్లాప్రోట్ గారు రానే వచ్చారు. ఎకాంబి గారు లేచి చెయ్యి కలిపి, తనకూ ఒక మడి కావాలన్నాడు.

"కుదరదండీ. జాబితా ఉంది. ఆరేళ్లు ఆగాలి."

"ఆగుతాను. కానీ ఒక్క సందేహం. మా ముత్తాత ఊరికి మీవాళ్లు వచ్చినప్పుడు ఆ జాబితా ఎక్కడ తగిలించారు? మేమింకా వెతుకుతున్నాం."

క్లాప్రోట్ గారు వెనక్కి వెళ్లి, కత్తిరించిన కంచెనే మళ్లీ కత్తిరించారు.

నిన్న సమావేశం. మొదటి అంశం నేనే. చేతులు లేవబోతున్నాయి. అప్పుడు లేచి మీ నిబంధన 7 చదివాను. జన్మలో ఒక నిబంధనను ప్రేమగా చదివింది అదే మొదలు. ఈ జనం ఆగాలంటే పేరు మారాలి. పేరు మారాలంటే నా సంతకం కావాలి. నన్ను తీసేస్తే మూడేళ్లు ఊరేగింపే!

"అంటే ఈవిడ ఉండాల్సిందేనా?" అన్నారెవరో, పన్ను పీకాల్సిందేనా అని దంతవైద్యుణ్ణి అడిగినట్టు.

క్లాప్రోట్ గారు చెమట తుడుచుకుని లేచారు. "చరిత్ర సంగతి నాకు తెలియదు. నా నూల్‌కోల్ సంగతి తెలుసు. పేరు మారుద్దాం." అరవై ఒక్క ఓట్లు. చెవులు వినపడని ముసలాయన ఈసారి కాఫీ వద్దనుకుని చెయ్యెత్తలేదు.

వీడెబుష్ గారూ, నాకు ఒళ్లు మండుతోంది. పదకొండేళ్లు న్యాయం చెప్తే మూడు ఓట్లు. నూల్‌కోల్ చెప్తే అరవై ఒకటి! నేను "సమానత్వం" అనే పేరు ప్రతిపాదించాను. "అది పెడితే మళ్లీ ఎవరైనా చూడ్డానికొస్తారు" అన్నారు. ఎవరికీ పట్టని, ఎవరూ రాని పేరు కావాలట. చివరికి "ఫైరాబెండ్" అన్నారు. అంటే పని దిగి, బూట్లు విప్పి, ఎవరి జోలికీ పోకుండా కూర్చునే సాయంత్రం. ఇంతకన్నా చప్పని పేరు లేదని అందరూ చప్పట్లు కొట్టారు.

అయినా గేటు మీంచి కామెరూన్ అక్షరాలు నేనే ఊడదీశాను. క్లాప్రోట్ గారు నిచ్చెన పట్టుకున్నారు. ఆపిల్ చెట్టు నాదే.

సంతకం చేసిన ఫారం జతచేశాను. దయచేసి, దయచేసి, మమ్మల్ని మరిచిపోండి.

ఇట్లు,
రోజ్‌విథా చిర్నర్

తా.క. ఎకాంబి గారు జాబితాలో పేరు రాయించుకునే వెళ్లారు. యాభై మూడో నంబరు. మీ అభిప్రాయాల పుస్తకంలో ఇలా రాశారు: "కామెరూన్‌లో ఇంత బాగా సలాడ్ చేయరు."

---

జూలై 4
సంఖ్య: వ్యా.ప్ర./1/సాయం.

గౌరవనీయులైన స్థల ప్రతినిధి చిర్నర్ గారికి,

మీ ఫారం అందింది. కామెరూన్ కాలనీని "దూర ఖండాలు" విభాగం నుంచి తొలగించామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

పటంలో కొత్త పేరు చూడగానే మా విభాగమంతా లేచి నిలబడింది. సమావేశాలతో అలసిపోయిన ప్రయాణికులు మా కౌంటరు దగ్గర రోజూ అడిగేది ఒక్కటే: "ఈ ఊళ్లో ఫైరాబెండ్ ఎక్కడ దొరుకుతుంది?" ఇరవై ఏళ్లుగా మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది. రెండు గంటలు కాదు, సాయంత్రం ఐదు నుంచి పది దాకా, పుస్తకం మొదటి పేజీలోనే, ఒకటో నంబరుగా ముద్రించాం: "ఫైరాబెండ్. బూట్లు విప్పుకోవచ్చు." యాభై వేల ప్రతులు. ప్రదర్శన మైదానం నుంచి ప్రత్యేక బస్సు కూడా వేశాం.

తమరు ఎంపిక చేసిన పేరుకు హృదయపూర్వక అభినందనలు.

భవదీయుడు,
ఎకార్ట్ వీడెబుష్

తా.క. ఆఫ్రికా కోసం వచ్చిన ఇద్దరు అతిథులు మా కౌంటరు దగ్గర వేచి ఉన్నారు. కామెరూన్ ఎక్కడికి మారిందో కొత్త చిరునామా వెంటనే తెలియజేయగలరు.