తేనెటీగలు కలిపిన వియ్యం

జలెస్యె పల్లె,
9 జూన్ 1968

ప్రియమైన లావ్రెన్,

ఆ మిన్స్క్ ప్రచురణాలయం వాళ్లు నీకు తిండి పెడుతున్నారా, పొగడ్తలతోనే కడుపు నింపుతున్నారా? ఇక్కడ బంగాళాదుంపలకు రెండోసారి మట్టి ఎగదోశాను. ఆవు బాగుంది, నేనూ బాగున్నాను.

ఇప్పుడు అసలు సంగతి, కూర్చుని చదువు. నిన్న మన తేనెటీగల గుంపు ఒకటి పెట్టె వదిలి లేచింది. నీళ్లు చల్లితే దగ్గర్లో వాలుతుందని బకెట్టు పట్టుకుని వెంటపడ్డాను. ఊళ్లో ఇన్ని చెట్లుండగా, పోయి పోయి నుప్రేయ్ ఆపిల్ చెట్టు మీదే వాలింది! అవును, ఆ నుప్రేయే. మన పెళ్లిలో పాట మధ్యలో ఆపేసి, అకార్డియన్ పట్టుకుని మాట చెప్పకుండా వెళ్లిపోయినవాడు. పంతొమ్మిదేళ్లుగా మన గుమ్మం తొక్కనివాడు. గుంపును జాగ్రత్తగా తన పెట్టెలోకి దించుకుని, టోపీ తీసి, కంచె అవతలి నుంచి అన్నాడు: "వదినా, ఇక చేసేదేముంది? ఈగలు కలిపేశాయి. మనం వియ్యాలవాళ్లం."

పద్ధతి నీకు నేను చెప్పాలా? ఒకరి గుంపు ఇంకొకరి చెట్టు మీద వాలితే ఆ రెండిళ్లూ చుట్టాలే. ఈగలు కలిపిన ఇళ్ల మధ్య పగ ఉండకూడదు, చెడ్డమాట పుట్టకూడదు. మరి నీ పుస్తకంలో ఏడో అధ్యాయమంతా నుప్రేయ్ మీద వెక్కిరింతే కదా. సాపు రాసింది నేనే, నాకు తెలియదా? రాస్తూ నవ్వింది కూడా నేనే, అది వేరే సంగతి. ఏం చేద్దాం?

నీ తెక్లా

మిన్స్క్,
16 జూన్

నా తెక్లా,

ఏం చేద్దామంటావేమిటే! వెళ్లి మన గుంపు మనకిమ్మని అడుగు.

ఏడో అధ్యాయం చదివి ఎడిటర్ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు, అంత నవ్వాడు. "మన బెలరూసీ పల్లెమాట ఇలా రాసేవాళ్లు ఇంకో పదిమంది ఉంటే మన భాషకు ఢోకా లేదు" అన్నాడు. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన మొదటి పుస్తకం తెక్లా! ఆ పదహారు పేజీలు తీసేస్తే అచ్చు వచ్చే ఏడాదికి పోతుంది. వచ్చే ఏడాది అంటే ఇక లేనట్టే. బల్ల చివర కూర్చోబెట్టామని అలిగి, పెళ్లికొడుకును పాట లేకుండా నిలబెట్టిపోయినవాడి కోసమా నేను పుస్తకం పోగొట్టుకోవాలి?

నీ లావ్రెన్

జలెస్యె,
5 జూలై

ప్రియమైన మొండి మొగుడా,

ఈగలను తిరిగి అడగడమా! అమ్మకూడదు, అడగకూడదు అని మీ నాన్నే కదా చెప్పేవాడు.

నిన్న నుప్రేయ్ వచ్చాడు. మొదటి తేనెలో సగం మనదని డబ్బాలో పోసి తెచ్చాడు. గుమ్మం దగ్గర టోపీ నలుపుతూ, "లావ్రెన్ పుస్తకం వేస్తున్నాడటగా. మంచిది, ఊరి పేరు నిలబెడతాడు" అన్నాడు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. బంగాళాదుంప అట్లు పెట్టి, ఆయన తింటున్నంతసేపూ పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను.

పుస్తకం నీది, నేను ఒక్క మాట అనను. కానీ నువ్వేదో ఒకటి తేల్చేదాకా ఈ తేనెడబ్బా మూత తీయను.

తెక్లా

మిన్స్క్,
12 జూలై

నా తెక్లా,

ఏడో అధ్యాయం తీసేశాను.

"నీకేమైనా పిచ్చా? ఈగల కోసమా?" అన్నాడు ఎడిటర్. మా వైపు అంతే అన్నాను. వాళ్ల తాతకూ ఈగలుండేవట, మెత్తబడ్డాడు. తర్వాత నెలాఖరుదాకా గడువిచ్చాడు. ఈలోగా వేరే పదహారు పేజీలు ఇస్తే సరే, లేకపోతే పుస్తకం వెనక్కి. మూడు రోజులుగా కూర్చున్నాను. టీ తాగడం తప్ప ఒక్క వాక్యం రాలేదు. పుస్తకం పోయినట్టే తెక్లా. ఏడుపొస్తోంది. చిత్రంగా నిద్ర మాత్రం బాగా పడుతోంది. మూత తీసి తేనె తిను.

నీ లావ్రెన్

జలెస్యె,
19 జూలై

నా బంగారు లావ్రెన్,

నీ ఉత్తరం నుప్రేయ్‌కి చదివి వినిపించాను. తిట్టకు. ఏడో అధ్యాయం సంగతీ చెప్పేశాను. విని చెవులదాకా ఎర్రబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను.

"వదినా, వియ్యాలవాళ్ల మధ్య దాపరికం ఉండకూడదు. ఆ రోజు నేను అలగలేదు. నా ప్యాంటు చిరిగింది."

"ఏమిటీ?"

"మా అన్న దగ్గర అరువు తెచ్చుకున్న ప్యాంటు. హుషారుకొద్దీ వాయిస్తూ ఒక గంతు వేశాను. వెనకాల పర్రున పోయింది! అకార్డియన్ వెనక్కి అడ్డం పెట్టుకుని, గోడ పట్టుకుని తలుపుదాకా వెనక్కి నడిచాను. తెల్లారేసరికి ఊరంతా నుప్రేయ్ అలిగాడంది. అలిగినవాడంటే పౌరుషముందంటారు. చిరిగినవాణ్ణి ఏమంటారు? సరే, అలిగాననే అనుకోనీ అని ఊరుకున్నా. తర్వాత మీ ఇంటికొస్తే ఎందుకు పోయావని అడుగుతారు కదా, ఇక రాలేదు."

ఓరి దేవుడా! పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా ఇద్దరం లేవలేకపోయాం, అంత నవ్వు. పంతొమ్మిదేళ్ల పగ ఒక ప్యాంటు కోసమా!

నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని అన్నాడు: "రాయమను. పేరు కూడా మార్చొద్దు. ఇన్నేళ్లూ అబద్ధం చెప్పుకుని నవ్వారు, ఇక నిజం తెలిసి నవ్వనీ." మూడు సాయంత్రాలు కూర్చుని ఆయన చెప్పాడు, నేను రాశాను. నిన్ను మించి తనను తాను వెక్కిరించుకున్నాడు. సాపు చేసి ఇందులో పెట్టాను. పదిహేడు పేజీలొచ్చాయి, ఒకటి నువ్వే తగ్గించుకో.

అవి ఇచ్చేసి ఇంటికి రా. పెళ్లిలో ఆగిపోయిన పాట మిగతా సగం నువ్వొచ్చాక వచ్చే ఆదివారం మన వాకిట్లో వాయిస్తాడట. తేనె మూత అప్పుడే తీద్దాం. కొత్త ప్యాంటు కుట్టించుకున్నాడు. కుట్లు నేను లాగి చూశాను, గట్టివే.

నీ పెళ్లికూతురు,
తెక్లా