మేడమీది గది, ‘మేకేది మామీ’ క్యాసెట్టు ఎవరికి చెందాలంటే

నేను డెబ్బై రెండేళ్ల దాన్ని. బట్టల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు ఇస్త్రీ చేశాను. మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. గుండెదడ ఉన్నమాట నిజమే. దానికీ మతికీ సంబంధం లేదని డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం వెనక జతచేశాను. పిన్ను ఊడిపోతుందేమోనని దారంతో కుట్టాను కూడా. చదివింది ఐదో తరగతి. తప్పులుంటే ఉండనివ్వండి, అర్థం మాత్రం మార్చకండి.

1. కింది ఇల్లు పెద్దవాడికి. చిన్నవాడి వాటా ఎప్పుడో ఇచ్చేశాను. మోటారు స్విచ్చి తడిచేత్తో ముట్టుకోవద్దు. ఎన్నిసార్లు చెప్పినా వినరు.

2. మేడమీది గది నా కష్టార్జితం. నీళ్ల క్యాన్లు పెట్టుకుంటానని పెద్దవాడు మూడేళ్లుగా తాళంచెవి అడుగుతున్నాడు. ఇవ్వను. ఆ గది నాతో పనిచేసిన కాజాలక్కకూ గుండీల వదినకూ సమానంగా చెందుతుంది. ఆదివారం మధ్యాహ్నాలు మేం ముగ్గురం డాన్సు చేసేది అక్కడే. నేను పోయినా అది ఆగకూడదు.

3. టేపు రికార్డరూ పదకొండు క్యాసెట్లూ గదితోపాటే. తొంభై ఎనిమిదిలో మా చేతులు చురుగ్గా ఆడాలని సూపర్‌వైజరు ఇంగ్లీషు పాటలు పెట్టేవాడు. కాళ్లు కూడా ఆడతాయని అనుకోలేదు పాపం. “ఏమ్మా, ఇది ఫ్యాక్టరీనా, సర్కస్సా?” అని అరిచేవాడు. “మీరు పెట్టిన పాటేగా సార్” అనేది కాజాలక్క, గెంతడం ఆపకుండానే.

ఒక పాటలో అమ్మాయి “మేకేది మామీ” అంటోందనుకున్నాం. పాపం మేక తప్పిపోయిందని, అది దొరకాలని ఇంకా గట్టిగా గెంతాం. క్యాసెట్టు మీద అదే రాశాను. అందులో మేకే లేదని చిన్నకోడలు ఈమధ్య చెప్పింది. లేకపోతే పోనీ. ఆ పేరు ఎవరూ దిద్దకూడదు. దిద్దితే ఏ పాట ఎందులో ఉందో మాకు తెలియదు. “ఇవన్నీ వీలునామాలో రాయరమ్మా, కొట్టేయండి” అన్నాడు చిత్తు చూసిన దస్తావేజుల లేఖరి. కొట్టేయలేదు.

4. నా ఆకుపచ్చ కాన్వాసు బూట్లు చిన్నకోడలికి. “జరగండత్తయ్యా, నాక్కూడా చోటివ్వండి” అని పైకొచ్చింది ఇంట్లో తనొక్కతే. బూట్లు వదులవుతాయి, ముందు దూది పెట్టుకో. లేసులు గట్టిగా కట్టుకో, పడతావు. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా నీదే.

5. పెద్దవాడికి. నీకు ఇరవై ఏళ్లప్పుడు నీ స్నేహితులతో ఆ గది గుమ్మంలో నిలబడి, “ఈ వయసులో ఆ గెంతులేంటమ్మా, నా పరువు తీస్తున్నావు” అన్నావు. భయపడి పదకొండు నెలలు టేపు ముట్టుకోలేదు. అలా ఆపినందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే. నా తరువాత మళ్లీ ఆపించాలని కోర్టుకెళితే కింది ఇల్లు కూడా చిన్నవాడికి పోతుంది. ఇది బెదిరింపు కాదు, షరతు.

అయినా ఆ గదిలో నీకూ చోటుంది నాయనా. ఆడటానికి రా. చూడటానికైతే రావద్దు.

ఇది నా మొదటి వీలునామా, చివరిదీ ఇదే. రెండుసార్లు చదువుకుని, మూడోసారి కూడా సరిచూసుకుని సంతకం పెట్టాను.

తేదీ: 9 నవంబరు 2024

(సంతకం) ఇస్త్రీ అమ్మ

సాక్షులు:
1. ఎదురింటి దర్జీ
2. వీధి చివరి డాక్టరమ్మ