అమ్మవారి వీపులో కందిరీగ

మార్చి 4

నాలుగో ఛాప్టర్ వెనక్కి వచ్చింది. ఇవి మీ నానమ్మ కబుర్లు, థీసిస్ కాదు అన్నారు ప్రొఫెసర్ కో. చైనా దేవుళ్ల మీద పనిచేసేవాళ్లంతా గ్రంథాలు పక్కనపెట్టి బొమ్మల కడుపులోకి చూస్తుంటే, నేనింకా అరుగు మీద కథలు రాసుకుంటున్నానట. ఆధారం ఏదమ్మా అన్నారు.

తెస్తాను.

మార్చి 9, మధ్యాహ్నం

ఊరికి వచ్చాను. నానమ్మ వాకిట్లో ఆల్చిప్పలు ఒలుస్తోంది. మన సముద్రపు తల్లి మాజు అమ్మవారి బొమ్మకు సీటీ స్కాన్ తీయిస్తానని చెప్పాను. కత్తి ఆపకుండానే, ఏం, ఒంట్లో బాగాలేదా ఆమెకు అంది.

బొమ్మ చెక్కినప్పుడు వీపులో గుంట తొలిచి, ఐదు రంగుల దారాలు, వెండి ముక్క, ప్రాణంతో ఉన్న కందిరీగను పెట్టి మూసేశారు. అమ్మవారి మహిమంతా ఆ కందిరీగదేనని మా ఊళ్లో చిన్నపిల్లల్నడిగినా చెబుతారు. అదే చూడాలన్నాను. ఉందని అందరికీ తెలుసు, మళ్లీ చూడ్డం దేనికే అంది నానమ్మ.

అందరికీ తెలుసు. ఎవరూ చూడలేదు.

మార్చి 10

ఆస్పత్రులన్నీ కుదరదన్నాయి. దగ్గరి టౌను జియాయిలో కుక్కలకు సీటీ తీసే డాక్టరమ్మ ఒప్పుకుంది. గుడి పెద్ద ఓంగ్, వరసకు బాబాయి, అంతెత్తున లేచాడు. కుక్కలు పడుకునే బల్ల మీద అమ్మవారిని పడుకోబెడతావా, చదువు ఎక్కువైందా మతి తక్కువైందా అన్నాడు. అమ్మవారినే అడుగుదాం అన్నాను. దానికి మాత్రం కాదనలేడు.

మార్చి 12

నెలవంకల్లాంటి రెండు చెక్కలు బాబాయి నేల మీదికి వదిలాడు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే సరేనని. రెండూ వెల్లకిలా పడితే అమ్మవారు నవ్వినట్టు. నవ్విందంటే అడిగిన తీరు బాగాలేదని.

తల్లీ, నీ కడుపులో ఏముందో చూడొచ్చా అన్నాడు. నవ్వింది. గొంతు పెంచి మళ్లీ అదే అడిగాడు. మళ్లీ నవ్వింది. ఆడమనిషిని అట్లా అడుగుతారట్రా అని నానమ్మ చెక్కలు లాక్కుంది. టౌను చూసొద్దువుగాని, వస్తావా తల్లీ అంది. వరసగా మూడుసార్లు సరేనంది. ఇక తిరుగులేదు.

మార్చి 16

అమ్మవారు బాబాయి కారులో ముందు సీట్లో, బెల్టు పెట్టుకుని. వెనక సీట్లో నానమ్మ, నేను, పళ్ల బుట్ట. మా వెనక డోళ్ల వ్యాను. నేను వద్దనలేదు. అదీ డేటానే.

అమ్మవారు ఎక్కడ దిగినా టపాకాయల దండ అంటించడం అలవాటు. క్లినిక్ ముందూ అంటించారు. లోపల ఉన్నది ఎవరో ఒక్కరికీ తట్టలేదు. కుక్కలన్నీ ఒక్కసారిగా ఏడుపు లంకించుకున్నాయి. వణుకుతున్న బొచ్చుకుక్కను చంకనేసుకుని ఒకావిడ బయటికొచ్చి, మీ దేవతకేం రోగమని విరుచుకుపడింది. ఆమె దివ్యంగా ఉంది, మీవాడికే కాస్త ధైర్యం తక్కువ అంది నానమ్మ.

తెర మీద కర్పూరం చెక్క పొరలు కనిపించాయి. వీపులో గుంట. దారాల ఉండ. తెల్లగా మెరిసే వెండి.

కందిరీగ లేదు.

గుంటలోంచి పీఠం దాకా వంకరటింకరగా ఒక సొరంగం. లోపలినుంచి కొరుక్కుంటూ పోయిన సొరంగం. బొమ్మను వంచి చూస్తే అడుగున చిటికెన వేలు దూరేంత కన్నం, అగరు మసి పట్టి ఉంది. బాబాయి వంగి మళ్లీ మళ్లీ ఆ కన్నంలోకి చూశాడు. నాకు మాత్రం గంతులేయాలనిపించింది. ఇంతకంటే మంచి ఛాప్టర్ ఎవరికి దొరుకుతుంది?

మార్చి 17

బాబాయి ఇంటికొచ్చాడు. కందిరీగ ఉందనే రాయమన్నాడు. మే నెలలో అమ్మవారి పుట్టినరోజు యాత్ర. మీ దేవత ఎగిరిపోయిందటగా అని పక్క ఊరివాళ్లు పల్లకి ముందే నవ్వుతారట. నువ్వు డిగ్రీ పుచ్చుకుని తైపే పోతావు, ఇక్కడ మొహం చూపించుకోవాల్సింది మేము అన్నాడు. పోనీ ఊరి పేరు తీసెయ్ అన్నాడు.

తీయనన్నాను. లేనిదాన్ని ఉందని రాయను. ఊరు లేని దేవత నా థీసిస్‌లో ఉండదు.

అయితే ఈ ఏడు మీ ఇంటివాళ్లు పల్లకికి భుజం పట్టక్కర్లేదు అన్నాడు. ఆ మాట నాతో కాదు, నానమ్మ వైపు చూసి అన్నాడు. తాతయ్య పట్టిన పల్లకి అది. నాన్న పట్టింది.

మార్చి 18

నానమ్మ గంజి ముట్టలేదు.

మార్చి 20

గుడి నిండా జనం. మళ్లీ అమ్మవారినే అడుగుదామన్నది నేనే.

ముందు బాబాయి అడిగాడు. ఈ పిల్ల నోరు మూసుకోవాలి కదా తల్లీ అన్నాడు. నవ్వింది. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. చెక్కలు నాకివ్వమన్నాను. నమ్మనిదానివి, నువ్వేం అడుగుతావు అన్నాడు. నమ్ముతావా అని ఆమె నన్నెప్పుడూ అడగలేదు బాబాయ్ అన్నాను. నానమ్మే లేచి, ఆయన చేతిలోంచి చెక్కలు తీసి నాకిచ్చింది.

తల్లీ, చూసింది చూసినట్టు రాస్తాను. కందిరీగ దారి చేసుకుని పోయిందని రాస్తాను. పోయాక కూడా ఊరు నిన్నే అడుగుతోందని రాస్తాను. ఊరి పేరూ రాస్తాను. సరేనా?

సరే. మళ్లీ వేశాను. సరే. మూడోసారి ఒకటి బోర్లా పడింది, రెండోది అంచు మీద నిలబడి ఊగింది. నా అరచేతులు తడిసిపోయాయి. ఇదీ రాస్తున్నాను, డేటా గనక. చెక్క వెల్లకిలా వాలింది. సరే.

బాబాయి వంగి చెక్కలు ఏరాడు. తర్వాత నానమ్మను అడిగాడు, పిన్నీ, కొత్త కందిరీగను తెచ్చి ఆ కన్నం పూడ్పించమంటావా అని. తుఫానులో మీ నాన్న పడవ ఒడ్డుకొచ్చిన రోజు ఆ ఈగ లోపలుందో బయటుందో నీకు తెలుసట్రా అంది నానమ్మ. ఆయన తల అడ్డంగా ఊపాడు. అయితే రాకపోకలకు ఉండనీ అంది.

మే 1

యాత్ర. పల్లకి ముందు కొమ్ముకు నాన్న భుజం. పక్క ఊరివాళ్లు అననే అన్నారు, మీ దేవత ఎగిరిపోయిందటగా అని. బాబాయి ఛాతీ విరిచాడు. మా అమ్మ బయటికెళ్లి పనులు చక్కబెట్టుకొస్తుంది, మీ అమ్మ ఇంకా డబ్బాలోనే కూర్చుందా అన్నాడు.

జూన్ 21

వైవా. మధ్యలో గదిలోకి కందిరీగ వచ్చింది. బయటి ఎగ్జామినర్ నా థీసిస్‌నే ఎత్తి కొట్టబోయారు. ఆయన చెయ్యి పట్టుకున్నాను. కిటికీ తెరిచి, తర్వాతి ప్రశ్న అడగమన్నాను.