సూదిలో దారం ఎక్కించే పిల్ల

నాన్నకి,

నీ గుండీ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, నా మెడ ఒక్కటి తప్ప. అక్కడ నువ్వూ, నీ కుట్టుమిషనూ, కొట్టు గుమ్మంలో పడుకునే ఆ బద్ధకపు పిల్లీ బాగున్నారని తలుస్తాను. తింటున్నావా అని అడిగావు, తింటున్నాను. నువ్వు కుట్టి పంపిన దిండు నా కుర్చీకి కొలిచినట్టు సరిపోయింది. నేను లేచి వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు అందులో కూర్చుంటున్నారు. చిన్నప్పుడు నన్ను గుండీల డబ్బా పక్కన పడుకోబెట్టి ఆ పేరు పెట్టావని చెబితే, ఇక్కడ కూడా అందరూ గుండీ అనే పిలుస్తున్నారు.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరంలో సగానికి పైగా మా సీరియల్ని తిట్టడానికే సరిపోయింది. "మొన్నటిదాకా ఆ సైకిలు పిల్ల బంగారు బొమ్మలా ఉండేది. ఈసారి ఎవరో మొహం వాచేలా కొట్టినట్టుంది. వారం వారం ఈ మారడం ఏమిటే, మీకు నిద్ర చాలడం లేదా?" అని అడిగావు. నిద్ర చాలని మాట నిజమే. కానీ కారణం అదొక్కటే కాదు.

మా యానిమే, అదే ఈ బొమ్మల సీరియల్, ఏళ్ల తరబడి వారం తప్పకుండా వస్తోంది కదా. ఒక్కో భాగానికి వేల బొమ్మలు కావాలి, ఒక్క చేత్తో అయ్యే పని కాదు. ఈ వారానిది మేం గీస్తుండగానే రాబోయే వారాలవి వేరే గదుల్లో, వేరే ఊళ్లలో గీస్తూ ఉంటారు. పెళ్లిళ్ల రోజుల్లో నువ్వేం చేసేవాడివో గుర్తు తెచ్చుకో. పెళ్లికొడుకు కోటు కత్తిరింపు దగ్గర నుంచి కాజాల దాకా నువ్వే కుట్టేవాడివి. అప్పుడే వచ్చిపడిన బడి పిల్లల నిక్కర్లు నలుగురికి పంచేసేవాడివి. ఒక నిక్కరుకి ఒక కాలు పొడుగొస్తే "పిల్లాడు ఎదుగుతాడులేమ్మా" అని వాళ్లమ్మకి సర్దిచెప్పేవాడివి. మా దగ్గరా అంతే. పెద్ద పోరాటం ఉన్న భాగం మాకు పెళ్లికొడుకు కోటు. మంచి చేతులన్నీ నెలల ముందే అక్కడికి వెళ్లిపోతాయి. పిల్లలు కూర్చుని కబుర్లు చెప్పుకునే భాగాలు మా నిక్కర్లు.

ఇంకో చిక్కుంది. సైకిలు పిల్ల కళ్లు ఎలా ఉండాలి, గడ్డం ఎంత ఉండాలి అని గీసిన కాగితం ప్రతి బల్ల మీదా ఉంటుంది. నీ కొలతల చీటీ అనుకో. అయినా చెయ్యి మాట వినదు, తనకి తెలిసిన ముఖం వైపే లాగుతుంది. నా పక్క బల్ల అతను గీస్తే ప్రతి ఆడపిల్లకీ వాళ్ల చెల్లెలి బుగ్గలొస్తాయి. అందుకే చివర్లో ముఖాలన్నీ ఒకే మనిషి సరిచేస్తారు. ఆయన్ని మేం రబ్బరు గారు అంటాం. మనం గీసింది చెరిపేసి, మనల్ని మెచ్చుకుని వెళ్లిపోతారు, ఏడవాలో నవ్వాలో తెలీదు.

మా గది నీకు చూపించాలని ఉంటుంది నాన్నా. బల్ల మధ్యలో గాజుపలక, దాని కింద దీపం. కాగితం మీద కాగితం వేస్తే అడుగు బొమ్మ మెల్లగా పైకి తేలుతుంది. మధ్యాహ్నం తెరలు దించేశాక అందరి ముఖాల మీదా కింద నుంచి వెలుగు పడుతుంది. ఎవరూ మాట్లాడరు. కాగితాలు వేళ్ల మధ్య ఆడించే చప్పుడే వినిపిస్తుంది, ఆ చప్పుడులో సైకిలు పిల్ల తల తిప్పుతుంది, కళ్లు మూస్తుంది, తెరుస్తుంది. మెలకువలో గీస్తున్నానో, కలలో గీస్తున్నానో ఒక్కోసారి నాకే తెలీదు.

నువ్వు చివర్లో ఒక మాట రాశావు. "ముఖం బాగోలేదు గానీ, తెగిన సంచి కుట్టుకునే చోట ఆ పిల్ల సూది మాత్రం సరిగ్గా పట్టుకుంది. ఎందుకో ఫోనులో మళ్లీ మళ్లీ పెట్టుకుని చూశాను." అది చదివి ఉత్తరం మడిచేశాను. జవాబు ఆలస్యమైంది అందుకే.

ఆ చోటు నేనే గీశాను నాన్నా. ఆ ముఖం పాడు చేసిన చెయ్యి నాదే.

అమ్మ నీ సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఎడమ కన్ను సగం మూసి, కింది పెదవి పంటితో పట్టుకునేది. దారం దూరగానే నీ వైపు చూడకుండానే సూది అందించేది. అమ్మ పోయాక నాకు ఆ సంగతి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. కానీ ఆ రోజు సైకిలు పిల్ల చేతికి సూది ఇవ్వగానే ఆమె కన్ను సగం మూసింది, పెదవి పట్టుకుంది. నేను గీసినట్టు లేదు, దీపం దగ్గర నుంచి తనే పైకి తేలినట్టు వచ్చింది. రబ్బరు గారు ఉంటే సరిచేసేవారే. ఆయన పెళ్లికొడుకు కోటు దగ్గర ఉన్నారు. అమ్మ అలాగే వెళ్లి టీవీలో వచ్చేసింది.

ఇప్పుడు ఆ భాగాలన్నీ డిస్కులుగా అమ్మబోతున్నారు. ముందుగా బాగోలేని బొమ్మలు మళ్లీ గీయాలి. ఆ చోటు తిరిగి నా బల్ల మీదికే వచ్చింది. "ఈ పిల్లకి పదహారేళ్లమ్మా. నువ్వు గీసినావిడ పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినట్టుంది" అన్నారు రబ్బరు గారు. నవ్వాను. తరవాత పెన్సిలు పట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను, ఒక్క గీత పడలేదు. ఫోటోల్లో అమ్మ ఎప్పుడూ బిగుసుకునే నిలబడింది. సూది పట్టుకున్న అమ్మ ఇంకెక్కడా లేదు. నా చేత్తోనే ఎలా చెరపను?

"ఏమైందమ్మా?" అన్నారాయన.

"ఈవిడ మా అమ్మండీ."

ఆయన నీ దిండు మీదే కూర్చుని, కాగితాలన్నీ ఒక్కొక్కటిగా తిప్పి చూశారు. "దగ్గరగా కనిపించేవి సరిచెయ్యి. సైకిలు పిల్ల కోసం వచ్చినవాళ్లకి సైకిలు పిల్లే కనపడాలి, అది మన పని. వీధిలోంచి కిటికీ కనిపించే బొమ్మ ఉంది చూశావా, అందులో ముఖం గోరంత కూడా లేదు. అది నా కంటికి ఆనలేదు" అని లేచి వెళ్లిపోయారు. ఆయన కంటికి వెంట్రుకంత వంకర కూడా ఆనుతుంది నాన్నా.

మిగతావన్నీ సరిచేశాను. కాగితం తడవకుండా పక్కకి తిరిగి ఏడ్చాను కూడా.

డిస్కు రాగానే పంపిస్తాను. దగ్గరగా చూపించినప్పుడు నీ బంగారు బొమ్మే ఉంటుంది, తిట్టడానికి ఏమీ దొరకదు. ఆ తరవాత వీధి, వీధి చివర వెలుగుతున్న కిటికీ వస్తాయి. అప్పుడు మాత్రం మంచినీళ్లకని లేవకు.

ఇంకొక్క మాట. ఏం చెబుతావోనన్న భయంతో ఇన్నాళ్లూ ఏ ఉత్తరంలోనూ అడగలేదు. ఇప్పుడు నీ సూదిలో దారం ఎవరు ఎక్కిస్తున్నారు నాన్నా?

ఇట్లు,
ఎడమ కన్ను సగం మూసి ఈ ఉత్తరం రాసిన నీ కూతురు,
గుండీ