మేస్త్రి కంటే ముందు నువ్వు నడవాలి

నాన్నకు వందనాలతో నీ కొడుకు దావీదు రాస్తున్నది. ప్రభువు దయవల్ల గుంటూరులో నేను బాగున్నాను. నువ్వు, అమ్మ, చెల్లి బాగుండాలని రోజూ ప్రార్థన చేసుకుంటున్నాను. చెల్లీ, నాన్న మంచం పక్కన కూర్చుని ఇది గట్టిగా చదువు. నొచ్చుకుంటాడని ఏ మాటా మింగెయ్యొద్దు.

మిర్చి యార్డులో సరుకు తెగ దిగుతోంది. స్నానం చేసినా ఒంటి మంట పోదు. మెస్సులో సాంబారు ఉత్త నీళ్లు. ఎవరైనా ఇటు వస్తుంటే అమ్మ చేతి గోంగూర పచ్చడి పంపండి. నా గురించి బెంగ పడొద్దు, బాగానే ఉన్నాను.

అసలు సంగతి ఇది. పోయినేడు ఇదే యార్డులో నువ్వు గుండె పట్టుకుని కూలబడితే "నాటకాలాడమాకు, లేచి బస్తా ఎత్తు" అన్నాడే హమాలీల మేస్త్రి, వాడికీ గుండెపోటు వచ్చింది. విని సంతోషించాను. తప్పని తెలిసే సంతోషించాను. పాస్టరుగారికి కావాలంటే చెప్పుకోండి.

ఆస్పత్రి నుంచి వచ్చాక వాడు మంచం దిగడం లేదు. కదిలితే గుండె ఆగిపోతుందని భయం. భార్య అన్నం కలిపి నోట్లో పెడుతోంది. యార్డంతా అదిరేలా అరిచినవాడు దగ్గడానికి కూడా జంకుతున్నాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, పట్టుకోవడానికి మనిషి కావాలని వాడి ఇంటివాళ్లు నన్ను పిలిపించారు. యార్డు పనికి కొత్తవాణ్ణి కాబట్టి నేనెవరో వాడికి తెలియదు. వాడి భయం కళ్లారా చూద్దామనే వెళ్లాను.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి కసురుకుంది. "మీ గుండె కుదుటపడిందండీ. మిమ్మల్ని మంచానికి కట్టేసింది భయమే. ఇలాగే పడుకుంటే ఉన్న సత్తువ కూడా పోతుంది. మందులు వేసుకుంటూ రోజూ కాస్త కాస్త నడవండి. నొప్పొచ్చినా, ఆయాసమొచ్చినా ఆగి వెంటనే మాకు చెప్పండి."

నాకు నువ్వే కళ్లముందు కనిపించావు. "మా నాన్న కూడా ఇంతేనండీ, ఏడాదిగా మంచం దిగడు" అన్నాను.

"ఎవరు దిగొద్దన్నారు?"

ఊరంతా అన్నాను. పలకరించడానికి వచ్చిన ప్రతివాడూ "ఫలానావాడు పెరట్లోకి లేచెళ్లి అక్కడే పోయాడంట" అని చెప్పి పోయాడు. నువ్వూ అమ్మా అదే వైద్యమనుకున్నారు.

"తీసుకురా. చూసి, ఎంత నడవచ్చో నేను చెబుతా" అంది.

బయటికొస్తుంటే మెట్ల దగ్గర మేస్త్రి నా భుజం పట్టుకుని ఆగిపోయాడు. "ఒరేయ్, వదలమాకురా, చచ్చిపోతానేమో!"

"నాటకాలాడమాకండి, దిగండి" అన్నాను.

నా మొహంలోకి చూశాడు. "ఎవర్రా నువ్వు?"

"ఏసోబు కొడుకుని."

నా భుజం మీంచి చెయ్యి తీసేశాడు. పట్టుకోను వేరే దిక్కులేక, నా చెయ్యి పట్టుకునే దిగాడు.

నా కడుపు చల్లబడలేదు నాన్నా, ఇంకా మండింది. ఎందుకంటే వాడు దిగాడు. ఇప్పుడు రోజూ వాకిట్లో నడుస్తున్నాడంట. రేపు యార్డుకొస్తాడు, మళ్లీ అరుస్తాడు. నిన్ను అంత మాటన్నవాడు తిరుగుతుంటే నువ్వు మంచానికి అంటుకుపోయి ఉంటావా? వాడు చూస్తుండగా నువ్వు యార్డు గేటులోంచి నడిచి రావాలి. వాణ్ణి కొట్టక్కర్లేదు, తిట్టక్కర్లేదు. నా పగ తీరడానికి అది చాలు.

అమ్మకు, పాస్టరుగారికి నా వందనాలు. నీ దీవెన నాకు కావాలి. శనివారం వస్తున్నాను, డాక్టరమ్మ దగ్గరికి నిన్ను తీసుకెళ్లడానికి.

ఒక్క మాట. నువ్వు ఆ మేస్త్రి కంటే పిరికివాడివి. కన్నతండ్రిని ఇంత మాటన్నానని కోపమొస్తే రానీ. నేను మంచం దాకా రాను, గడప దగ్గరే నిలబడతాను. లేచొచ్చి కొట్టు.

వీపు సిద్ధం చేసుకుని,
నీ కొడుకు
దావీదు