బాపు గిటార్ గొంతు

మొయినాబాద్,
జనవరి 19

ప్రియమైన బాపుకు,

నీ ప్రేమజ్యోతి వందనాలు. ఫోన్ చేస్తే ఎప్పుడూ అవ్వే ఎత్తుతుంది. నిన్ను పిలవమంటే, "మీ బాపుకు ఫోన్ల మాట్లాడబుద్ధి కాదంట. ఉత్తరం రాయుమంటుండు. దొర అయిండు" అని నవ్వుతుంది. అందుకే రాస్తున్నాను. మల్లేశన్న కూరగాయల ఆటో రోజూ చేవెళ్ల నుంచి ఇటే వస్తుంది కాబట్టి మనకు పోస్టాఫీసుతో పని లేదు.

మా మహేశ్వర్ సార్ ఒప్పుకున్నారు! ఆయన ఏళ్ల తరబడి పోగేసిన పాత ఎలక్ట్రిక్ గిటార్ల పక్కనే నీ ఎర్ర గిటార్‌ను పెట్టి బాగు చేసుకోమన్నారు. అది డెబ్బైల్లో కలకత్తాలో చేసిందని చెప్తే కుర్చీలోంచి లేచారు. "అవి ఇప్పుడు ఎక్కడమ్మా దొరుకుతాయి? పైన పడ్డ గీతలు ముట్టుకోకు. రంగు వెయ్యకు. రోగం మాత్రం తియ్యి" అన్నారు.

గిటార్లు బాగుచేసే మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది బాపూ. ఏ గిటార్‌నైనా విప్పే ముందు దాని మనిషిని కిటికీ దగ్గరి కుర్చీలో కూర్చోబెట్టి వాయించమంటాం. మేం ఎదురుగా కూర్చుని చేతులు చూస్తాం. ఎక్కడ నొక్కుతాడు, ఏది తిప్పుతాడు, దేనికి ముఖం చిట్లిస్తాడు. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టాలి. నువ్వూ రా. మన ఇంట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. బోరు బండి మీద దుమ్ము తిని నువ్వు చెప్పించిన చదువు ఏ పనికి వచ్చిందో నీ కళ్లతో చూద్దువుగాని.

నీ రాక కోసం కుర్చీ తుడిచి పెట్టిన,
నీ బిడ్డ ప్రేమజ్యోతి


చేవెళ్ల

బిడ్డా ప్రేమజ్యోతీ,

నీ ఉత్తరం మల్ల మల్ల చదివిన. రాత్రిబడిల బైబిలు చదువనీకి నేర్చిన అక్షరాలు నాయి. తప్పులుంటె నవ్వకు.

బోరు బండి పని బంద్ జేసిన. జిందగీ అంత ఆ మోత పక్కన నిలవడ్డ, ఇగ చాలు. నేను ఆడికి రాను బిడ్డా. మీ సార్ ఒకటి అడుగుతడు, నేను ఇంకోటి చెప్త. నీకు నామోషీ.

గిటారు పంపుతున్న. మీ అవ్వ పెండ్లి చీరల చుట్టిన. "నాకు సలి వెడితె చెద్దరు గప్పనోడు, గిటారుకు నా చీర గావాల్నా" అని ఒకటే లొల్లి.

రెండు తీగలు తుప్పు వట్టినయి. ఒక మర వదులైంది. గవి చూడు. స్పీకర్ డబ్బాకు తగిలిస్తె అది జర గుయ్యంటది. దాని గొంతు గంతే. దానికి ఫికర్ చెయ్యకు.

మీ బాపు,
స్వామిదాసు


మొయినాబాద్,
ఏప్రిల్ మొదటి వారం

ప్రియమైన బాపుకు,

ఈ ఉత్తరంతో పాటు నీ గిటార్ కూడా దిగుతోంది. చీర జాగ్రత్త, అవ్వ కోపం నాకు తెలుసు.

తీగలు, మర చూస్తే చాలన్నావు. నాకు నవ్వొచ్చింది. పండక్కి చొక్కా కొంటానంటే పాతదానికి కుట్లేస్తే చాలనే మనిషివి! గుయ్యిమనే మోత దాని గొంతు కాదు బాపూ, రోగం. లోపల ఎర్త్ వైరు తెగి వేలాడుతోంది. టంకం పెట్టాను. తీగల కింద అయస్కాంతాలుండే గుంత నిండా పలుచని రాగి రేకు పరిచాను. వేళ్లు కోసుకున్నాయి కానీ చూడు, ఇప్పుడు వాల్యూమ్ ఎంత పెంచినా తీగ మీటే దాకా చప్పుడే లేదు. సార్ స్పీకర్‌కు చెవి ఆనించి, "ఆన్‌లోనే ఉందా?" అని అడిగారు. ఈ షెడ్డులో నాకు దక్కిన పెద్ద మెప్పు అదే.

"మీ నాన్నగారిని కూర్చోబెట్టి చూశావా?" అని కూడా అడిగారు. "మా బాపు వాయించడం పుట్టినప్పటి నుంచి చూస్తున్నా సార్" అన్నాను.

ఈస్టరుకు రాలేను. సార్ తన గిటార్ల ప్రదర్శనశాల ఆ రోజే తెరుస్తున్నారు. బస్సెక్కితే గంట కూడా పట్టని దూరం. అయినా క్రిస్మస్ రోజు వచ్చి ఆ సందడిలో నీతో నాలుగు మాటలైనా ఆడకుండానే తిరిగి వచ్చేశాను. అలగకు. ఈస్టరు తెల్లవారి ఆరాధనలో వాయించి, ఎలా పలికిందో రాయి.

నీ మెప్పు కోసం ఎదురుచూసే
ప్రేమజ్యోతి


మొయినాబాద్,
మే 11

ప్రియమైన బాపూ,

ఈస్టరు వెళ్లి ఇన్నాళ్లయింది. మల్లేశన్న ఉత్త చేతులతో వస్తున్నాడు. "గిటార్ ఎట్లున్నదన్నా?" అంటే కొత్తిమీర కట్టలు సర్దుతూ, "అటక మీద ఉన్నది చెల్లె" అన్నాడు. నా ముఖం చూడలేదు. అవ్వ ఫోన్‌లో "మంచిగనే ఉన్నడు తియ్" అని పెట్టేసింది.

నా పనిలో తప్పేమైనా ఉందా? తిట్టు బాపూ. తిట్టడానికైనా ఒక ముక్క రాయి.

నీ జ్యోతి


చేవెళ్ల

బిడ్డా,

నీ పనిల తప్పు లేదు. గది ముందుగాల రాస్తున్న.

నా చెవులు పోయినయి. బోరు మోత తిన్నది. ముందుగాల సన్న చప్పుళ్లు, అటెన్క తీగల పాట, ఆఖరికి మనుషుల మాట. దవాఖానల మిషన్ పెట్టి చూసిన్రు, ఫాయిదా లేదన్నరు. నీకు చెప్పొద్దని మీ అవ్వతోని ఒట్టేయించుకున్న. తెలిస్తె నువ్వు పని ఇడిసిపెట్టి వస్తవు. ఇంట్ల ఒక్కదానివి చదివినవు. నా చెవుల కాడ కావలి కూసుంటవా?

ఆ గుయ్యి ఒక్కటే నాకు వినవడుతుండె. లావు మోత గద, కడుపుల కెల్లి వచ్చినట్టు అందుతుండె. వాల్యూమ్ తిప్పితె అది పెరుగుతది. అది ఎంత పెరిగితె పాట గంత పెరిగినట్టు. గట్లనే అంచనా వట్టి వాయిస్తున్న. వేళ్లకు పాట ఎరుకనే. నాకు వినవడదని చర్చి గుళ్లె ఎవ్వలికి తెల్వది.

ఈస్టరు నాడు గిటారు డబ్బాకు తగిలించిన. గుయ్యి రాలే. వాల్యూమ్ తిప్పిన. రాలే. ఆఖరుదాక తిప్పిన. ఇగ ఆగితె బాగుండదని కండ్లు మూసుకొని పాట అందుకున్న. పసిపిల్లలు బెదిరి ఏడ్చిన్రంట, అందరు చెవులు మూసుకున్నరంట. మీ అవ్వ తర్వాత సైగ జేసి చెప్పింది. మన సంఘ పెద్ద సంగయ్య ఎన్క కెల్లి వచ్చి వైరు గుంజిండు.

నాకు తెల్వలే బిడ్డా. నేను పాటంత వాయించిన. ఆఖరి చరణం రెండు మాట్ల వాయించిన. కండ్లు తెరిస్తె అందరు నా దిక్కే చూస్తున్నరు. మీ అవ్వ ఏడుస్తున్నది. మంచిగ వాయించిననేమో అనుకున్న. కిందికి చూస్తె వైరు నా కాళ్ల కాడ పడి ఉన్నది.

సంగయ్య మంచోడే. ఆయన మాత్రం ఏం జేస్తడు.

మల్ల గుయ్యి పెట్టుమని అడుగుత లేను. ఇప్పుడు లారీ హారన్ గూడ అందుత లేదు. పెట్టినా నాకు రాదు. గిటారును మీ సార్ కాడ గోడకు పెట్టు. చూసెటోళ్లన్న చూస్తరు.

నిన్ను చూసి మురిసే
మీ బాపు


మొయినాబాద్,
శనివారం

ప్రియమైన బాపుకు,

ఈ ఉత్తరం మల్లేశన్నకు ఇవ్వడం లేదు. నేనే తెస్తున్నాను. నువ్వు దీన్ని చదువుతున్నప్పుడు నీ ముందే ఉంటాను. నోటితో చెప్తే నీకు అందదు కదా.

ఈ షెడ్డుకు వచ్చిన ప్రతి మనిషినీ ఆ కుర్చీలో కూర్చోబెట్టి చూశాను. ముక్కూ మొహం తెలియని వాళ్ల వేళ్లు కూడా నాకు గుర్తున్నాయి. నిన్ను ఒక్కణ్ని చూడలేదు. చూసి ఉంటే, వాల్యూమ్ తిప్పుతూ నువ్వు ఆ మోత కోసం తల వంచి ఆగడం నాకు కనబడేది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నానని సార్‌తో గర్వంగా చెప్పాను. విన్నాను బాపూ. చూడలేదు.

రాగి రేకు ఒక పూటలో పీకేయగలను. ఎర్త్ వైరు ఒక్క కత్తిరింపు. గుయ్యి తిరిగి వస్తుంది. నీ చెవికి రాదు. నేను నేర్చిన చదువులో దానికి మందు లేదు.

గిటార్‌ను గోడకు పెట్టను. అటక మీది నుంచి దింపి ఉంచమని అవ్వకు చెప్పాను. స్క్రూడ్రైవర్ తేలేదు. వైరు కూడా తగిలించకు. ఈ కాగితం కింద పెట్టి, ఆ రోజు రెండుసార్లు వాయించావే, ఆ చరణం మళ్లీ వాయించు.

నేను ఎదురుగా కూర్చున్నాను. నీ చేతులు చూస్తాను.

నీ
ప్రేమజ్యోతి